నిప్పుల ఊళ్ళో నిప్పు పుట్టని లారీ

మా సొంత ఊరు కోవిల్‌పట్టి అని చెబితే మన సంఘం సభ్యుల్లో చాలామంది "అది తమిళనాడు కదండీ, మీరు తెలుగువారెలా అయ్యారు?" అని అడుగుతారు. ఎన్నో తరాల క్రితం దక్షిణానికి వలస వెళ్ళి, ఆ నల్లరేగడి నేలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ అనేకం. ఆ వలస కథనే కి. రాజనారాయణన్ గారు 1976లో 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలగా వ్రాశారు. ఆయనది మా పక్కనున్న ఇడైసేవల్ గ్రామం. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మా ఇళ్ళలో ఈనాటికీ మాట తెలుగే, వ్రాత మాత్రం తమిళం. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

మా ఊరు మరో రెండు విషయాలకు ప్రసిద్ధి. ఒకటి వేరుశెనగ మిఠాయి, 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండవది అగ్గిపెట్టెలు. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు 1922లో కలకత్తా వెళ్ళి, పని నేర్చుకుని వచ్చి, శివకాశిలో ఈ పరిశ్రమకు పునాది వేశారు. అక్కణ్ణించి అది సాత్తూరుకూ, కోవిల్‌పట్టికీ పాకింది. దేశమంతటా పొయ్యిలు వెలిగించే ఊరు మాది. అటువంటి ఊళ్ళో మా ఇంటి లారీకి ఒక్క నిప్పురవ్వ పుట్టించలేక నేను పడిన పాట్లే ఈ వ్యాసం.

తాత కొన్న ఫార్గో

మా తాత 1962లో ఒక పాత ఫార్గో లారీ కొన్నాడు. అది 1954 నాటి బండి. ఫార్గో అన్నది అమెరికా క్రైస్లర్ కంపెనీ తన లారీలకు పెట్టుకున్న పేర్లలో ఒకటి. బొంబాయిలో 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఆ కుటుంబానికి చెందిన లారీలను మన దేశంలో తయారుచేసేవారు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఆరు వోల్టుల బ్యాటరీ. కోవిల్‌పట్టి నుంచి వేరుశెనగ బస్తాలు వేసుకుని సాత్తూరు మీదుగా విరుదునగర్ నూనె మిల్లులకు వెళ్ళేది. వచ్చేటప్పుడు మిరపకాయలు, పప్పులు తెచ్చేది. దానికి డ్రైవరు మా చిన్నాయన. పద్ధెనిమిదో ఏట ఆ స్టీరింగు పట్టుకున్నాడు.

ఆ రోజుల్లో తోటి లారీలవాళ్ళు ఒక్కొక్కరే పెట్రోలు ఇంజను తీయించి పెర్కిన్స్ డీజిల్ ఇంజను వేయించుకున్నారు. మా తాత వేయించలేదు. పెట్రోలు ధర పెరిగాక బండి ఇంటి షెడ్డులో చేరింది. అయినా చిన్నాయన ప్రతి సంక్రాంతికీ దాన్ని స్టార్ట్ చేసి, పసుపు కుంకుమ పెట్టి, తోట చుట్టూ ఒకసారి తిప్పేవాడు. ఆయనకు చేతులు వణకడం మొదలై, కంటిచూపు మందగించాక ఆ ముచ్చటా ఆగిపోయింది.

మొన్న సంక్రాంతికి నేనూ, మా అమ్మాయీ బెంగుళూరు నుంచి వెళ్ళేసరికి ఇంట్లో నిర్ణయం జరిగిపోయి ఉంది. షెడ్డు పడగొట్టాలి, లారీని తూకానికి అమ్మేయాలి. పాత ఇనుము కొనే మనిషి కనుమ మర్నాడు వస్తాడు. విరుదునగర్ నుంచి వచ్చిన మా బావ "భోగికి పాతవన్నీ పోవాలి కదా బావమరిదీ" అని హాస్యమాడాడు. అందరూ నవ్వారు. చిన్నాయన మాత్రం కంచంలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు, తినలేదు.

మదురైలో పాత బండ్లు చేరదీసే ఒకాయన ఉన్నాడని విని నేను ఫోను చేశాను. ఆయన మాట సూటిగా ఉంది: "ఇంజను స్టార్ట్ అయ్యి, బండి తనంతట కదిలితే నేను తీసుకుని కాపాడుకుంటాను. కదలకపోతే నాకొద్దు." నా చేతిలో నాలుగు రోజులున్నాయి.

తలగడ మారిస్తే తలనొప్పి పోతుందా?

పెట్రోలు పోశాం, బ్యాటరీ కొత్తది పెట్టాం. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు. ఒక ప్లగ్గు విప్పి, దాని వైరు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించాను. ప్లగ్గు కొనలో రవ్వ లేదు.

నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మెకానిక్కును కాను. కానీ చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి కనుక నాకన్నీ తెలుసుననుకున్నాను. బస్సెక్కి విరుదునగర్ వెళ్ళి కాయిల్, పాయింట్లు, కండెన్సర్ కొన్నాను. నూనెలో వేయించిన పరోటాలు తిని సాయంత్రానికి తిరిగి వచ్చి, మూడూ మార్చేశాను. మర్నాడు ఉదయం సెల్ఫ్ కొట్టాను. రవ్వ లేదు. రెండు రోజులు పోయాయి, డబ్బూ పోయింది.

చిన్నాయన షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని అంతా వింటున్నాడు.

"ఏమిరా, ఎంత తగలేసినావు?" అన్నాడు.

చెప్పాను.

"తలగడ మారిస్తే తలనొప్పి పోతుందా? రోగం యాడుందో చూడకుండానే మందులు కొన్నావు. ఆ కాయిల్ ఇట్లా ఇయ్యి."

కాయిల్ ఆయన చేతికిచ్చాను. కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, చూపానక మా అమ్మాయికిచ్చి చదవమన్నాడు. అది పన్నెండు వోల్టుల కాయిల్. మా బండిది ఆరు వోల్టులు. పన్నెండు వోల్టుల కాయిల్‌కు ఆరే అందితే, అంతా సవ్యంగా ఉన్నా రవ్వ నీరసంగానే వస్తుంది. దుకాణంలో వోల్టులు చెప్పి అడగకపోవడం నా తప్పే.

"పాత కాయిల్ మళ్ళీ పెట్టు. ఇంక నా మాట విను. కరెంటు యాడిదాకా వస్తా ఉండాదో చూడు. వచ్చినంత దూరం బాగుండాది. యాడ ఆగిపోయిందో ఆడే రోగం."

నలభై ఏళ్ళు లెక్కలు సరిచూసిన నాకు ఈ మాట తట్టకపోవడం విచిత్రం. బ్యాంకులో లెక్క తేలకపోతే పుస్తకాలన్నీ మార్చేస్తామా? ఏ పేజీ దాకా సరిగ్గా ఉందో చూసుకుంటూ వస్తాం.

రవ్వ ఎలా పుడుతుంది?

చదివే పిల్లల కోసం కొంచెం వివరిస్తాను. డీజిల్ లారీకి నిప్పురవ్వ అక్కరలేదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనుకు మాత్రం సిలిండరు సిలిండరుకూ, సరిగ్గా సమయానికి, రవ్వ కావాలి.

బ్యాటరీ ఇచ్చేది ఆరు వోల్టులే. ప్లగ్గు కొనల మధ్య సందును దూకి రవ్వ పుట్టాలంటే వేల వోల్టులు కావాలి. ఈ పని చేసేది కాయిల్. అందులో రెండు చుట్లు ఉంటాయి: ఒకటి లావు తీగతో కొన్ని చుట్లు, రెండవది వెంట్రుక లాంటి తీగతో వేల చుట్లు. లావు తీగలో కరెంటు పారుతున్నప్పుడు కాయిల్ అయస్కాంతమవుతుంది. ఆ కరెంటును ఠక్కున ఆపితే అయస్కాంత శక్తి కూలిపోయి, సన్న తీగలో పదిహేను, ఇరవై వేల వోల్టుల దాకా పుడుతుంది. ఠక్కున ఆపేవే పాయింట్లు. అవి విడిపోయేటప్పుడు అక్కడే మెరుపు వచ్చి కాలిపోకుండా, ఆ తోపుడును తాను మింగేది కండెన్సర్. పుట్టిన శక్తిని ఏ సిలిండరుకు పంపాలో చూసేవి రోటరు, మూత. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగే ఆరు సిలిండర్ల ఇంజనులో సెకనుకు వంద రవ్వలు పుట్టాలి!

పాయింట్లు, రోటరు ఉండే ఆ గిన్నెను మావాళ్ళు 'డెల్కో' అంటారు. "డెల్కో అంటే ఏమిటి తాతా?" అని మా అమ్మాయి అడిగింది. "డెల్కో అంటే డెల్కోనే తల్లీ" అన్నాడు చిన్నాయన. తర్వాత అమ్మాయే వెతికి చెప్పింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో 1909లో చార్లెస్ కెటరింగ్ తదితరులు పెట్టిన 'డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ' పేరులోని మొదటి అక్షరాలవి. బ్యాటరీతో రవ్వ పుట్టించే ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చినవారు వారే. ఆ కంపెనీ పేరే మన మెకానిక్కుల నోట వస్తువు పేరైపోయింది. చిన్నాయన ఇది విని "అరవై ఏండ్లుగా అమెరికావోడి పేరు పలకతా ఉన్నానన్నమాట" అని మొదటిసారి నవ్వాడు.

లైటు చెప్పిన సాక్ష్యం

ఆరు వోల్టుల చిన్న బల్బుకు రెండు తీగలు కట్టించాడు చిన్నాయన. ఒక తీగ ఇనుముకు, అంటే ఎర్తుకు. రెండవ తీగతో మనం పరీక్ష చేస్తూ పోవాలి. ఆయన కుర్చీలోంచి చెబుతుంటే నేను చేశాను, అమ్మాయి కాగితం మీద వ్రాసింది.

మొదటి పరీక్ష: కాయిల్ నుంచి మూత నడిమికి వచ్చే లావు వైరును ఊడదీసి, పొడిగుడ్డతో పట్టుకుని, ఇనుముకు పావు అంగుళం దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించాం. అక్కడ రవ్వ వచ్చి ఉంటే లోపం ఆ తర్వాత, మూతలోనో రోటరులోనో ప్లగ్గు వైర్లలోనో ఉన్నట్టు. రాలేదు. అంటే లోపం అంతకు ముందే. ఒక్క పరీక్షతో సగం బండి పక్కకు పోయింది.

రెండవది: తాళం తిప్పి, కాయిల్‌కు కరెంటు వచ్చే చోట బల్బు తీగ ఆనించాను. వెలిగింది. తాళం దాకా, కాయిల్ దాకా బాగుంది.

మూడవది: కాయిల్ నుంచి డెల్కోకు వెళ్ళే చోట ఆనించి, ఇంజనును హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాం. పాయింట్లు విడిపోయినప్పుడు లైటు వెలగాలి. కలిసినప్పుడు కరెంటు వాటి గుండా ఎర్తుకు పోతుంది కనుక లైటు ఆరాలి. వెలిగి, ఆరి, వెలిగి, ఆరి, అట్లా ఉండాలి. మా లైటు వెలిగినది వెలిగినట్టే ఉంది.

"ఆరడం లేదు చిన్నాయనా."

"పాయింట్లు కలవడం లేదా?"

"కొత్తవే, కలుస్తున్నాయి. కళ్ళారా చూస్తున్నాను."

"అట్లయితే కాయిల్‌కీ డెల్కోకీ నడమ తీగ తెగిపోయుండాది."

నేను ఒప్పుకోలేదు. ఆ తీగ జానెడు కూడా లేదు, పైకి నిక్షేపంగా ఉంది. ఆయన లేచి వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో ఆ తీగను ఈ చివర నుంచి ఆ చివరకు నొక్కుకుంటూ పోయాడు. డెల్కో దగ్గర, బిగించిన చోటికి అంగుళం ఇవతల, ఆగాడు. "ఇక్కడ మెత్తగా ఉండాది చూడు." బ్లేడుతో తొడుగు చీల్చాను. లోపలి రాగి పోగులు పచ్చబడి విరిగిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళ అదురుకు లోపల తెగింది, పైతొడుగు మాత్రం పట్టుకుని ఉంది. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే!

నా చేతి తప్పు

కొత్త తీగ వేశాను. లైటు ఆరింది! సంతోషంతో కేకవేశాను. చిన్నాయన కేకవేయలేదు. "హ్యాండిల్ తిప్పు" అన్నాడు. తిప్పాను. ఇప్పుడు లైటు ఆరినది ఆరినట్టే ఉంది. పాయింట్లు విడిపోయినా వెలగడం లేదు.

నా గుండె జారిపోయింది. రేపు పొద్దున ఇనుము మనిషి వస్తాడు.

చిన్నాయన తొణకలేదు. "ముందర అస్సలు ఆరలేదు, ఇప్పుడు అస్సలు వెలగడం లేదు. ఇది వేరే రోగం. డెల్కో తీగను కాయిల్ దగ్గర ఊడదీసి, లైటు అక్కడే పెట్టు." పెట్టాను. వెలిగింది. కాయిల్ దాకా మంచిదే. అంటే డెల్కో లోపల ఎక్కడో కరెంటు పాయింట్ల దాకా పోకుండానే ఇనుముకు తగిలి ఎర్తయిపోతోంది.

"పాయింట్లు బిగించింది ఎవురు?"

"నేనే."

"పాతవి యాడ?"

అదృష్టవశాత్తూ పారేయలేదు. డబ్బాలో ఉన్నాయి. డబ్బా తెచ్చి ఆయన అరచేతిలో కుమ్మరించాను. వేలితో తడిమి, శెనగగింజంత ఫైబరు వాషరు ఒకటి పైకి తీశాడు. పాయింట్ల తీగను ఇనుముకు తగలకుండా ఉంచే వాషరది. పాతవి విప్పినప్పుడు నా చేతి కింద రాలింది, కొత్తవి బిగించినప్పుడు వేయడం మరిచాను. విరిగిన తీగ అడ్డంగా ఉన్నన్నాళ్ళూ ఈ తప్పు బయటపడలేదు. తీగ బాగుపడగానే నా తప్పు పైకి తేలింది. బాగుచేయబోయి నేనే రెండో రోగం అంటించాను!

తలవంచుకున్నాను. చిన్నాయన ఒక్క మాట అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసి "నేను కూడా ఒకసారి ఇదే చేసినాను, సాత్తూరులో" అన్నాడు. "మీ తాత ఏమీ అనలా. రోడ్డు పక్కన కూర్చుని వెళ్ళరికాయ తిన్నాడు, నేను తిరిగి బిగించిందాకా."

వాషరు వేశాను. పాయింట్ల సందు చూడడానికి ఆయన అగ్గిపెట్టె అట్ట ముక్క అడిగాడు. అట్ట ఆ సందులో బిగువుగా దూరి, బిగువుగా రావాలి. తర్వాత గేజి పెట్టి చూస్తే ఇరవై థౌ, అంటే అర మిల్లీమీటరు. ఈ ఇంజనుకు కావలసింది సరిగ్గా అంతే.

హ్యాండిల్ తిప్పాం. లైటు వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది. లావు వైరును ఇనుము దగ్గర పట్టుకున్నాను. ఠప్పుమని నీలంగా రవ్వ దూకింది. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంజను అందుకుంది. బంధువులందరూ భోజనాలు వదిలి షెడ్డులోకి వచ్చారు. మా బావ కూడా వచ్చి, పొగలో దగ్గుతూ, "అరె, బతికే ఉందే!" అన్నాడు.

మీ ఇంట పాత పెట్రోలు బండి ఉంటే

కారైనా, జీపైనా, పాయింట్లున్న పాత బండి ఇంట ఉన్నవారికి నాలుగు మాటలు:

1. రవ్వ లేదని తేలితే ముందు కాయిల్ లావు వైరు దగ్గర చూడండి. అక్కడ ఉంటే లోపం తర్వాత, లేకపోతే ముందు.

2. కాయిల్‌కూ డెల్కోకూ మధ్య లైటు పెట్టండి. వెలిగి ఆరుతుంటే పాయింట్లు పనిచేస్తున్నట్టు. ఎప్పుడూ వెలుగుతుంటే పాయింట్లలో మురికి ఉండవచ్చు, లేదా తీగ తెగి ఉండవచ్చు. ఎప్పుడూ వెలగకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా డెల్కోలో ఎర్తవుతోంది.

3. లైటు సరిగ్గా వెలిగి ఆరుతున్నా రవ్వ లేకపోతే అప్పుడు కండెన్సర్, ఆ తర్వాత కాయిల్ అనుమానించండి. ఒకేసారి ఒక్కటే మార్చండి. తీసిన పాత భాగం పారేయకండి.

4. పెట్రోలు గుడ్డలు, డబ్బాలు దూరంగా పెట్టాకే రవ్వ చూడండి. బండి న్యూట్రల్‌లో ఉండాలి. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ళ వైపే ఉంచండి, ఎదురు తన్నితే చెయ్యి విరుగుతుంది. పని లేనప్పుడు తాళం ఆపేయండి, లేకపోతే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

వీడ్కోలు

ఇనుము మనిషికి మర్యాదగా చెప్పి పంపేశాం. రెండు రోజుల తర్వాత మదురై ఆయన పెద్ద బండి తీసుకుని వచ్చాడు. ఫార్గో పలకల మీదుగా తన బలంతో తానే దానిమీదకు ఎక్కింది. స్టీరింగు ఆయన మనిషి పట్టుకున్నాడు, పక్కన చిన్నాయన కూర్చున్నాడు. పైకెక్కాక ఒకసారి హారను కొట్టి దిగాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని "పొగ" అన్నాడు.

బండితో పాటు ఇవ్వడానికి చిన్నాయన ఒక పాత నోటుబుక్కు తీశాడు. ఏ సంవత్సరం ఏ భాగం మార్చిందీ, ఎక్కడ ఆగిపోయిందీ, ఎవరు సాయం చేసిందీ అందులో వ్రాసుకున్నాడు. మదురై ఆయన తెరిచి రెండు పంక్తులు చదివి బిత్తరపోయాడు. అక్షరాలు తమిళమే, కానీ ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. తమిళ లిపిలో వ్రాసిన తెలుగు అది. తమిళులకు మాట తెలియదు, తెలుగువారికి అక్షరం తెలియదు. నాకు రెండూ వచ్చు కాబట్టి ఆ పుస్తకం నేను తీసుకున్నాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం నేను చదువుతుంటే మా అమ్మాయి తెలుగు లిపిలో వ్రాస్తోంది. అర్థం కాని మాటలకు కోవిల్‌పట్టికి ఫోను చేసి చిన్నాయనను అడుగుతుంది. తమిళంలోకి కూడా మార్చి ఒక ప్రతి మదురైకి పంపుతామని మాట ఇచ్చాం. నిన్నటికి 1974 దాకా వచ్చాం. ఆ ఏడు ఒక వానరాత్రి సాత్తూరు వైప్పారు వంతెన దగ్గర బండి ఆగిపోయిందట. డెల్కో మూతలోకి నీళ్ళు పోయాయి. తువ్వాలుతో తుడిచి, మళ్ళీ స్టార్ట్ చేసి, తెల్లవారేలోగా విరుదునగర్ చేరాడట. కింద ఒక పంక్తి ఉంది: "రవ్వ వచ్చింది. సరుకు తడవలేదు."